మా ఆయన మడమ

ఏవండీ, మీ ఒళ్ళోంచి ఏదో జారింది చూసుకోండి. మీ ఆయన చొక్కా జేబులోంచే పడింది. ఏంటండీ అది, పూతరేకుల పొట్లమా? హవ్వ! మనిషేమో కాలికి పుండు పడి లోపల ఆక్సిజన్ గొట్టంలో పడుకున్నాడు, చొక్కా జేబులో పూతరేకులా?

అలా చూడకండి, నాకు నోరు కాస్త పెద్దది. మా ఊళ్ళో అందరికీ తెలుసు. నా పేరు వెంకటనరసమ్మ, ఇంట్లో నర్సమ్మ అంటారు, మాది మండవల్లి దగ్గరండి. చేపల చెరువుల వాళ్ళం. ఈ గట్టు మీద నించుని ఆ గట్టు మీదున్న మనిషిని కేకెయ్యాలి కదా, గొంతు అలాగే ఉండిపోయింది. మీదెక్కడా? పెదపాడా? దగ్గరేలెండి, ఆటో ఎక్కితే వచ్చేస్తారు.

ఏమన్నారూ? ఖాళీ కడుపుతో రావద్దన్నారని తినిపించి తెచ్చారా? అది మంచిదే. ఆ గొట్టంలో ఉన్నంతసేపూ షుగర్ దిగొచ్చు, అందుకని ఏదో ఒకటి తిని రమ్మంటారు. ఆ గొట్టం నడిపే అమ్మాయి సిల్వియా అందరికీ చెప్తుంది. ఇడ్లీయో రొట్టో తినమని దానర్థం. ఇంకేమన్నారూ? లోపల ఎలాగూ దిగుతుంది కదాని పొద్దున్న ఇన్సులిన్ సూది మానేశారా?

అయ్యో అయ్యో అయ్యో. ఇటు జరగండి, ఈ కుర్చీలోకి రండి. సిల్వియా బయటికి రాగానే ముందు ఆ సంగతి చెప్పాలి మీరు. అది వచ్చేదాకా నా మాట వినండి. మా ఆయన ఆ ఎదురు గదిలో ఉన్నారు, డాక్టరు గారు రెండో కాలు చూస్తున్నారు. రెండో కాలంటే, ఉన్న కాలు. మొదటిది ఎలా పోయిందో చెప్తాను.

ఆయన పేరు నా నోటితో చెప్పను గానీ, ఇందాక 'హనుమంతరావు గారూ' అని పిలిచారు చూశారూ, ఆయనే. ఇప్పుడలా ఉన్నారు గానీ, అప్పట్లో నడిచొస్తుంటే గట్టు అదిరేది. కొల్లేట్లో సర్కారువాళ్ళు చెరువుల గట్లు కొట్టేసిన ఏడు మా చుట్టాల చెరువులు చాలా పోయాయి. మావి సర్కారు గీసిన హద్దుకి బయటున్నాయి కాబట్టి మిగిలాయి. ఆ గొడవల్లో ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మనిషి చిక్కిపోతుంటే బెంగ అనుకున్నాం. తీరా రక్తం పరీక్ష చేయిస్తే షుగరు. బిళ్ళలకి లొంగలేదు. రెండు పూటలా సూది వేసుకోవాల్సిందే అన్నారు.

సూదంటే ఆయనకి భయం కాదండి, నామోషీ. నేనే వేసేదాన్ని. గోడవైపు తిరిగి పడుకుని, "ఎవరన్నా వస్తున్నారేమో చూడవే" అనేవారు. "వస్తే ఏంటండీ, మనమేమన్నా సారా కాస్తున్నామా?" అనేదాన్ని. నవ్వేవారు కాదు.

ఆ నామోషీకి ఒక కథ ఉంది. మా అమ్మాయి రాజకుమారిని తాడేపల్లిగూడెం ఇచ్చాం. మా వియ్యంకుడు గంగాధరరావు గారిది ఉల్లిపాయల వ్యాపారం, మర్యాదస్తుడు. పెళ్ళిచూపుల నాడు మా వియ్యపురాలు మాటల మధ్యలో అడిగింది, "మీ ఇళ్ళల్లో షుగర్లూ అవీ ఏం లేవు కదా అన్నయ్యగారూ?" అని. ఈయన మీసం దువ్వుకుని, "మా వంశంలోనే లేదమ్మా" అన్నారు. అప్పటికి నిజంగా తెలీదండి, దేవుడి మీద ఒట్టు. పెళ్ళయ్యాక బయటపడింది. వెళ్ళి చెప్పేస్తే పోయేది. ఈయనకి అహం అడ్డొచ్చింది. "తెలిసే దాచామనుకుంటారే. రేపు పిల్లని ఒక మాటంటే నేను పడలేను" అన్నారు. పిల్లకి కూడా చెప్పనివ్వలేదు. దాని నోట్లో నువ్వుగింజ నానదని.

సరే, ఒకనాడు గట్టు మీద నడుస్తుంటే నత్తగుల్ల మడమలో దిగింది. ఆయనకి తెలిస్తే కదా! షుగరొచ్చాక అరికాళ్ళు మొద్దుబారిపోయాయి. ఇంటికొచ్చి అరుగు మీద కాలు పెడితే నెత్తురు మరక చూసి నేను కెవ్వుమన్నాను. కైకలూరులో కట్టు కట్టించాం, మందులు వాడాం. మానదే! చూస్తుండగానే నిమ్మకాయ పట్టేంత గుంట పడింది. అప్పుడు ఎవరో చెప్తే ఈ ఏలూరు ఆసుపత్రికి తీసుకొచ్చాను.

డాక్టరు గారు మంచి మనిషండి. పుండు శుభ్రం చేశారు, మందులు మార్చారు, ఇన్సులిన్ ఎంతెంత వేసుకోవాలో రాసిచ్చారు. తర్వాత ఈ గొట్టం సంగతి చెప్పారు. "పుండు దగ్గరికి ఆక్సిజన్ సరిగ్గా అందట్లేదండి. ఇందులో పడుకోబెట్టి ఒత్తిడి పెంచి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే రక్తంలో కలిసి అక్కడిదాకా వెళ్తుంది, పుండు మానడానికి సాయపడుతుంది. అయితే ఇది తోడు వైద్యం మాత్రమే. షుగర్ అదుపులో పెట్టడం, కట్టు, మందులు, ఇవే అసలు వైద్యం. వాటిలో ఏది మానేసినా ఇది ఒక్కటీ మిమ్మల్ని గట్టెక్కించలేదు" అన్నారు. నేను విన్నాను. ఆయనా విన్నారు. "ఆయ్, ఆయ్" అని తలూపారు కూడాను.

మొదటి రోజు నేనే దగ్గరున్నాను. తలకి నూనె రాసుకొచ్చారని సిల్వియా వెనక్కి పంపింది. నూనె, సెంటు, పౌడరు ఏవీ కూడదట, అంత ఆక్సిజన్‌లో నిప్పురవ్వ పుడితే ఇంతే సంగతులట. తలంటుకుని వస్తే నూలు గౌను తొడిగి, వాచీ, ఉంగరం, మొలతాడుకున్న తాయెత్తు అన్నీ తీయించింది. అద్దాల గొట్టంలోకి బల్లతో సహా తోసి తలుపు బిగించింది. చెవులు దిబ్బడేస్తే గుటకలు వెయ్యమంది. నేను బయట నించుని చూస్తున్నాను. ఆయన లోపల్నించి నోరు తెరుస్తూ మూస్తూ, తెరుస్తూ మూస్తూ. అచ్చం ఆక్సిజన్ పడిపోయిన చెరువులో చేపే అనిపించి, ఆసుపత్రి అని కూడా చూడకుండా ఫక్కున నవ్వాను.

బయటికొచ్చాక ఆయనా అదే మాట. "నర్సమ్మా, ఇది మన చెరువు లెక్కేనే!" అన్నారు. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లారగట్ల చెరువులో ఆక్సిజన్ పడిపోతుందండి. చేపంతా పైకి తేలి నోళ్ళు తెరుస్తుంది. అప్పుడు ఇంజను పెట్టి కొత్త నీళ్ళు కొట్టి, ఆక్సిజన్ బిళ్ళలు చల్లితే, చచ్చిపోతుందనుకున్న చేప తోక విదిలించి లోపలికి పోతుంది. ఆయన పుట్టిందగ్గర్నుంచి చూస్తున్న విషయం అది. ఇక డాక్టరు గారి తోడు వైద్యం మాట ఎక్కడ గుర్తుంటుంది? బస్సులో పక్కనాయనకీ, సోడా కొట్టువాడికీ, అందరికీ అదే చెప్పారు. "ఆక్సిజన్ అందితే చాలండి, మిగతాదంతా ఒళ్ళే చూసుకుంటుంది" అని. నాకు ముచ్చటేసింది. చాన్నాళ్ళకి మొహంలో కళ చూశాను కదా.

రోజూ రావాలన్నారు. ఆ కాలుతో మండవల్లి నుంచి బస్సుల్లో కుదుపులు పడుతూ రావడం కుదరదు. ఇక్కడే ఏదన్నా గది తీసుకుందామనుకుంటుంటే మా వియ్యంకుడికి తెలిసింది. "మేం ఉండగా లాడ్జీలోనా బావగారూ? తాడేపల్లిగూడెంలో రైలెక్కితే ఏలూరులో దిగుతారు. మా పరువు తీస్తారా?" అని స్వయంగా కారేసుకుని వచ్చేశారు. కాదంటే వాళ్ళని అవమానించినట్టు. వెళ్తే షుగర్ సంగతి దాచాలి. ఈయన, "మడమలో మేకు దిగింది బావగారూ, మానట్లేదు, దానికే ఈ వైద్యం" అని అక్కడికక్కడే కల్పించేశారు. నేను పక్కనుండి పళ్ళు నూరాను.

నేను కూడా వెళ్దామంటే చెరువుల్లో అప్పుడే చేపపిల్ల వేశాం. పైగా ఆడపిల్లనిచ్చిన ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరం మకాం వేస్తే బావుంటుందా చెప్పండి? మీరైతే వెళ్తారా? వెళ్ళరు. మనందరం అంతే. అందుకని ఇన్సులిన్ సీసాలు ఐసు ముక్కలేసిన ఫ్లాస్కులో సర్ది, సూదులు టిఫిన్ డబ్బాలో పెట్టి ఇచ్చాను. "వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టుకోండి" అంటే, "ఫ్రిజ్ తలుపు తీస్తే వియ్యపురాలికి కనపడదా? స్టేషను దగ్గర కాంపౌండరు ఉన్నాడు, అతని దగ్గరే ఉంచి రెండు పూటలా వేయించుకుంటాలే" అన్నారు. అదీ బానే ఉందనుకున్నాను.

మొదట్లో వేయించుకున్నారటండి, నిజంగానే. తర్వాత సిల్వియా, "ఖాళీ కడుపుతో రాకండి, లోపల షుగర్ దిగొచ్చు" అని చెప్పిందట. ఆ పిల్ల చెప్పింది సరైన మాటే. ఈయన చెవిలోకి వెళ్ళేసరికి అది వేరే అయిపోయింది. లోపల పడుకుంటేనే షుగర్ దిగుతోంది, పైగా తినమంటున్నారు, ఇంకా సూదెందుకు? కాంపౌండరు గుమ్మం ఎక్కడమెందుకు, ఎవరైనా ఊరివాళ్ళు చూసి గంగాధరరావు గారి చెవిన వెయ్యడమెందుకు? అదీ ఆయన లెక్క.

అక్కడ మా వియ్యపురాలి మర్యాద ఉంది చూడండి, ఆవిణ్ణి అని లాభం లేదు. ఇంటికొచ్చిన వియ్యంకుడికి తక్కువ చేస్తామా అని పొద్దున్న గారెలు, మధ్యాహ్నం బొబ్బట్టు, రైలెక్కేముందు సున్నుండలు. "ఇంకొక్కటి అన్నయ్యగారూ, ఆసుపత్రివాళ్ళు తిని రమ్మన్నారు కదా!" అని కొసరి కొసరి పెట్టేది. వద్దంటే కారణం చెప్పాలి. కారణం చెప్పలేక తిన్నారు. చెప్పలేక తిన్నారో, నోరూరి తిన్నారో, ఆ దేవుడికే తెలియాలి.

రోజూ ఫోన్ చేసేదాన్ని. "సూది వేయించుకున్నారా?" "ఆఁ, అయ్యింది." "ఏం తిన్నారు?" "ఏదో, రెండు ఇడ్లీ." ఆ తర్వాత ఇక ఆపితే ఒట్టు! "నర్సమ్మా, గుంట పూడుతోందే! సిల్వియా కొలిచి చూపించింది. ఎర్రగా మాంసం వస్తోంది, అంచుల్లో కొత్త చర్మం కూడా వస్తోందంట" అని చిన్నపిల్లాడిలా చెప్పేవారు. అది అబద్ధం కాదు. మడమ నిజంగా మానుతోంది. నేను ఫోను పెట్టేసి గట్టు మీదే ఏడ్చాను, సంతోషానికి. మా చెరువు చూసే దేవరాజు, కొల్లేటికోట మనిషి, "ఏంటమ్మగారూ?" అని కంగారుపడితే, "అయ్యగారి కాలు దక్కిందయ్యా దేవరాజూ" అన్నాను. ఆ మాటన్నానండి.

గొట్టంలోకి పంపేముందు సిల్వియా రోజూ వేలు గుచ్చి షుగర్ చూసేది. "చాలా ఎక్కువుందండీ, ఇన్సులిన్ వేసుకుంటున్నారా?" అనడిగితే, "వేసుకుంటున్నానమ్మా" అనేవారు. డాక్టరు గారు మోతాదు పెంచి రాశారు. "ఆయ్, అలాగేనండి." ఇంకా దిగలేదు. "మీ ఆవిణ్ణి తీసుకురండి, మాట్లాడాలి" అన్నారు. "రేపొస్తుందండి." ఏ రేపు? నాకు చెబితే కదా! ఇంతమందితో ఇన్ని అబద్ధాలాడిన మనిషి, చేపల కాటా దగ్గర మాత్రం ఒక్క మాట తప్పి ఎరగరు. తలుచుకుంటే నా ఒళ్ళు మండిపోతుంది.

ఒకనాడు పొద్దున్నే మా రాజకుమారి ఫోను. "అమ్మా, నాన్నకి జ్వరం. రెండ్రోజులుగా ఉందట, చెప్పలేదు, అలసటని చెప్పి ఆసుపత్రికీ వెళ్ళలేదు. కాలు దగ్గర వాసనొస్తోందమ్మా" అంది. ఎలా వచ్చి పడ్డానో తెలీదు. నేనొచ్చేసరికి అల్లుడు ఈ ఆసుపత్రిలోనే చేర్చాడు. కట్టు విప్పిన మడమ దగ్గర కాదండి తంటా. చిటికెన వేలి సందులో ఎప్పుడో చిన్న పొక్కు లేచిందట. స్పర్శ లేదు కాబట్టి ఆయనకి తెలీలేదు. ఒంట్లో షుగర్ అలా పొంగుతుంటే ఆ పొక్కే చాలుగా! వేళ్ళు నల్లబడ్డాయి, ఆ నలుపు పాదం పైకి పాకింది, లోపల చీము పిక్కదాకా ఎక్కేసింది. డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, కాలు చూసుకుంటే మనిషి దక్కడు. మోకాలి కింద తీసెయ్యాలి. రేపు పొద్దున్నే" అన్నారు. "ఇన్సులిన్ ఎన్నాళ్ళుగా మానేశారు?" అని అడిగారు. "మానలేదండీ!" అని నేను డాక్టరు గారి మీద గయ్‌మన్నాను. మా ఆయన తరఫున పోట్లాడాను చూడండి!

అమ్మాయి ఆయన పెట్టె తెచ్చింది. బట్టల కింద నా ఫ్లాస్కు, కాంపౌండరు దగ్గర్నించి ఎప్పుడో తెచ్చి దాచేశారు. మూత తీస్తే ఐసెప్పుడో కరిగిపోయి నీళ్ళు, ఆ నీళ్ళల్లో నిండు సీసాలు. వాటిని అలాగే పట్టుకెళ్ళి ఆయన మంచం మీద పెట్టాను. తిట్టాను. ఏమని తిట్టానో గుర్తులేదు గానీ వార్డంతా లేచి కూర్చుంది. ఆయన జ్వరంతో వణుకుతూ ఒక్కటే అన్నారు, "ఆక్సిజన్ ఎక్కుతోంది కదే నర్సమ్మా. పుండు మానింది కదే. నువ్వు కూడా సంతోషపడ్డావు కదే." మా వియ్యంకుడు గుమ్మంలో నించుని అంతా విన్నారు. ఏమంటారోనని నేను తలెత్తలేదు. ఆయన దగ్గరికొచ్చి, ఈయన చెయ్యి పట్టుకుని, "ఎంత పని చేశారు బావగారూ. మా ఆవిడకీ షుగరేనండీ. మా ఫ్రిజ్ నిండా అవే సీసాలు" అన్నారు. వినండి మరి! ఇద్దరూ ఒకళ్ళ దగ్గరొకళ్ళు దాచుకున్నారు. ఆ ఫ్రిజ్ తలుపు ఈయన ఒక్కసారి తీసి ఉంటే, అయ్యో, ఒక్కసారి తీసి ఉంటే.

మర్నాడు తెల్లవారుతుండగా ఆపరేషన్‌కి సిద్ధం చేస్తున్నారు. నా సెల్‌ఫోను మోగింది. దేవరాజు. చెరువులో ఆక్సిజన్ పడిపోయింది, చేప పైకి లేచేసింది, ఏం చెయ్యమంటారని గోల. నేను పెట్టేద్దామనుకునేలోపు ఈయన చెయ్యి చాచి లాక్కున్నారు. చెరువు పేరు వింటే చావబోతూ కూడా లేస్తారు.

"ఇంజను వేశావా?"

"వేశానండి. బిళ్ళలు కూడా చల్లానండి. ఇంజను తిరుగుతోంది కదాని చెరువులో మేత సంచులు కూడా కట్టేశానండి, తిని ఓపిక తెచ్చుకుంటుందని."

"ఓరి నీ తెలివి తగలెయ్యా!" అని ఈయన మంచం మీంచి లేవబోయారు. "మేత ఎవడు కట్టమన్నాడ్రా? సంచులు పీకెయ్ ముందు! ఇంజను ఎంత తిరిగితే ఏం లాభం, ఒకపక్క మేత వేస్తూ? మేత తింటే చేపకి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలిరా! ఆక్సిజన్ పోసేది సాయానికిరా! ముందు మేత ఆపకపోతే ఎన్ని ఇంజన్లు పెట్టినా..."

అక్కడ ఆగిపోయారు. ఫోన్లో దేవరాజు "అయ్యగారూ, అయ్యగారూ" అంటున్నాడు. ఈయన ఫోను దుప్పటి మీద వదిలేసి నా మొహంలోకి చూశారు. తర్వాత కాలివైపు చూశారు. నేను ఫోను తీసి, "సంచులు పీకెయ్యి దేవరాజూ" అని పెట్టేశాను. అప్పుడైనా ఒక మాట అనాలి కదా నేను, అనకుండా ఉండే మనిషిని కాదు కదా. ఆయన తల నిమురుతూ కూర్చున్నాను. "నాకు తెలిసిందేనే" అన్నారాయన. మళ్ళీ మళ్ళీ అదే. "నాకు తెలిసిందేనే." తోపుడు మంచం వచ్చి ఎక్కించేదాకా.

ఆపరేషన్ అయ్యాక వార్డు మనిషి వచ్చి, "కాలు మీవాళ్ళు తీసుకెళ్ళి పూడ్చుకుంటారామ్మా?" అనడిగాడు. అలా ఇస్తారని మీకు తెలుసా? నాకు తెలీదు. అల్లుడు మొహం పక్కకి తిప్పుకున్నాడు, కుర్రాడు, పాపం. నేనే వెళ్ళాను. గుడ్డలో చుట్టి ఉంది. "చూపించమ్మా" అన్నాను సిల్వియాని. "వద్దండీ" అంది. "ఇన్నేళ్ళు ఆ కాళ్ళకి దణ్ణం పెట్టినదాన్ని, చూపించు" అన్నాను.

విప్పింది. వేళ్ళ వైపు చూడలేకపోయాను. మడమ వైపు చూశాను. ఆ నిమ్మకాయంత గుంట ఏదండీ? బటానీ గింజంత మిగిలింది. చుట్టూ గులాబీ రంగులో కొత్త చర్మం, పుట్టిన పిల్ల పాదంలా. ఆ నలుపు ఇంకా అక్కడిదాకా రాలేదు. "ఇంకొన్ని రోజుల్లో ఈ పుండు పూర్తిగా మానిపోయేదండి" అని సిల్వియా ఏడుపు ఆపుకోలేక అటు తిరిగింది. దానికి మాత్రం బాధ ఉండదా, రోజూ కొలిచిన చెయ్యి కదా. నేను ఆ కొత్త చర్మం మీద వేలు పెట్టాను. మెత్తగా ఉంది. మళ్ళీ నేనే చుట్టేసి అల్లుడి చేతికిచ్చి శ్మశానానికి పంపాను.

సాయంత్రం ఆయనకి తెలివొచ్చింది. మందు మత్తులో పెదాలు తడుపుకుంటూ, "చూశావా?" అన్నారు.

"చూశాను."

"మడమ... మడమ కూడా నల్లబడిందా?"

నాకు అబద్ధం రాదండి. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన మొహం మీద నిజం కొట్టినట్టు చెప్పడమే నా పని. ఊళ్ళో నన్ను తిట్టేదీ అందుకే.

"మడమ కూడా. అంతా బొగ్గే" అన్నాను.

"అయితే ఆ గొట్టం కూడా ఏం చెయ్యలేకపోయేదన్నమాట."

"ఏం చెయ్యలేకపోయేదండి. సూది వేసుకున్నా ఇంతే అయ్యేది. మీ చేతిలో ఏం లేదు."

ఆయన కళ్ళు మూసుకుని పెద్ద ఊపిరి వదిలారు. ఆ రోజు పొద్దున్నించీ పట్టి ఉంచిన ఊపిరి అది. కాసేపట్లో నిద్రపోయారు. నేను చీరకొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

ఆ గొట్టం పని చేసిందండి. ఈ మాట నేను ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, కన్నకూతురికి కూడా. మీకెందుకు చెప్తున్నానంటే మీ ఆయనకింకా రెండు కాళ్ళున్నాయి. అదిగో, సిల్వియా బయటికొచ్చింది, వెళ్ళండి. సూది మానేశామని చెప్పండి, పూతరేకుల సంగతి కూడా చెప్పండి. సిగ్గుపడకండి, అది తిట్టదు. ఆ, ఇంకో మాట. ఆ కర్ర చప్పుడు మా ఆయనదే, ఇటే వస్తున్నారు. పలకరిస్తే పలకరించండి గానీ, మడమ సంగతి మాత్రం ఆయన దగ్గర ఎత్తకండేం.